నెలవు తప్పిన మంద

మన దీవుల రాజధానిలో కూర్చుని మా కొండకి వాటాదార్లమని చెప్పుకునే పెద్దమనుషులారా, ఈ పని చేసింది మీరు. వానా కాదు, కాకులూ కాదు, మా నాన్న మొండితనం అసలే కాదు. మార్చి నెలలో ఒక శనివారం కార్లలో సొరంగం దాటి మా స్కార్స్‌విక్‌కి వచ్చారు. బడిలో పిల్లల కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్నారు, మేం పెట్టిన రూబార్బ్ కేకు తిన్నారు, చేతులెత్తారు, చీకటి పడేలోపు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇక్కడేం జరిగిందో చూడ్డానికి ఒక్కరూ మళ్లీ రాలేదు. రాలేదు కాబట్టి చెబుతున్నాను, వినండి.

నేను మార్యున్‌ని. చేపల ఫ్యాక్టరీలో ముళ్లు తీస్తాను, అక్కడి పనివాళ్ల సంఘంలో నలుగురి తరఫునా మాట్లాడతాను. మీ సభలో నాకు మాట్లాడే హక్కు లేదన్నారు. వాటా నాన్న పేరు మీద ఉంది, మాట్లాడితే ఆయనే మాట్లాడాలట. మా నాన్న హైనీ ఏడాది మొత్తం మాట్లాడే మాటలు ఒక సంచిలో వేస్తే సంచి నిలబడదు. అయినా ఆరోజు, టూరిస్టుల నడకకి మా కొండ మీద దారి తెరుద్దామని మీరనగానే, లేచాడు.

"దారి తెరవండి, నాకేం లేదు. గొర్రెలు ఈనే కాలం మాత్రం వదిలెయ్యండి," అన్నాడు.

పళ్ల డాక్టరు పోల్, తాత వదిలిపోయిన వాటాతో మా కొండలో సగానికి సొంతదారైనవాడు, కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏం హైనీ, నీ గొర్రెలకి మనుషులంటే అంత సిగ్గా?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, మర్యాదకి.

"సిగ్గు కాదు పోల్. ఈనేటప్పుడు అదిలిస్తే పిల్లని నాకకుండానే లేచి పరిగెడతాయి."

"ఎవరు అదిలిస్తారు? గైడ్ ఉంటాడు. వాళ్లేమన్నా గంతులేసుకుంటూ పోతారా? బుద్ధిగా ఒకరి వెనక ఒకరు వరసలో నడుస్తారు."

"అదేనయ్యా నేను చెప్పేది," అన్నాడు నాన్న. "మన కొండ మీద మనుషులు వరస కట్టేది తోలుడుకే. గొర్రెకి తెలిసిన వరస అదొక్కటే."

మీకు అర్థం కాలేదు. మీ తాతలకైతే అర్థమయ్యేది. ఆకురాలు కాలంలో ఊరంతా కొండ మీద వరసగా నిలబడి, గొర్రెల్ని పైనించి కిందికి దొడ్డికి తోలుతుంది. మా గొర్రె పుట్టిన దగ్గర్నుంచీ నేర్చుకున్న పాఠం అది: వరసగా మనుషులొస్తే పరిగెత్తాలి. ఆ వరస చేతిలో కర్రలు పట్టుకుని, ఎర్ర కోట్లు తొడుక్కుని, కొండ అందానికి మురిసిపోతూ వచ్చినా గొర్రెకి ఒకటే.

ఓటు పెట్టారు. మా దగ్గర ఓటు మనిషిని బట్టి ఉండదు, వాటాని బట్టి. నాన్న చెయ్యీ, పక్క నెలవు రస్మూస్ చెయ్యీ గాల్లో అలా ఉండిపోయాయి. మీ చేతులు ఎత్తక్కర్లేకుండానే మీరు గెలిచారు, అయినా ఎత్తారు.

నెలవంటే ఏమిటో కూడా చెబుతాను, మరిచిపోయి ఉంటారు. మా కొండకి కంచెల్లేవు. ఏ మంద నెలవు ఆ మందకి తెలుసు. రెండు వాగుల నడుమ వాలు మా మందది. తల్లి అక్కడ మేసింది కాబట్టి పిల్ల అక్కడ మేస్తుంది, దాని పిల్లా అక్కడే. పుట్టిన తొలి వారాల్లో తల్లి వెనక తిరిగి అన్నీ నేర్చుకుంటుంది. ఉత్తరపు గాలికి ఏ బండ చాటు, మంచు పడితే ఏ అంచున గడ్డి తేలుతుంది, ఏ రాయి కాలి కింద కదులుతుంది. ఇది మనిషి నేర్పే చదువు కాదు. నాన్నకి మందని కాయడం తెలుసు గానీ, మందకి కొండని నేర్పడం ఆయన తరమూ కాదు.

నడక కంపెనీవాళ్లు గైడ్ పనికి మా చెల్లెలు బిల్లాని పెట్టుకున్నారు.

"నువ్వే దొరికావా వాళ్లకి?" అన్నాను.

"నేనే అడిగాను," అంది బూట్ల తాళ్లు బిగించుకుంటూ. "చూడక్కా, ఎవడో ఊరు తెలియనివాడు ముందు నడిచే బదులు నేనుంటే నయం కదా. గొర్రె కనిపిస్తే ఆపుతాను. వాడాపుతాడా?"

"ఆపి ఎటు తిప్పుతావే? ఒక పక్క లోయ, ఒక పక్క మన వాలు."

"ఆపుతానన్నాను కదా. అదన్నా చెయ్యనీ."

ఏప్రిల్ చివర్లో తొలి గుంపు వచ్చింది. నాన్నా నేనూ ఊరి గోడ దగ్గర నిలబడి దూరదర్శినితో చూస్తున్నాం. కొండ మెడ మీద ఎర్ర కోటు కనిపించింది, దాని వెనక నీలం, పసుపు, మళ్లీ ఎర్రటివి. వరస. వాలు మీద మంద తలెత్తింది. బిల్లా మాటిచ్చినట్టే చెయ్యెత్తి అందర్నీ ఆపింది. ఆగిన వరసా వరసే. తోలుడప్పుడు మేమూ అలాగే ఆగుతాం, పక్కవాళ్లు అందుకునేదాకా. మంద లేచింది, వాలుకి అడ్డంగా పరిగెత్తింది.

ఒక పిల్ల మిగిలింది. అప్పుడే పుట్టినట్టుంది, దాని ఒంటి నుంచి ఇంకా ఆవిరి లేస్తోంది. మేం ఎక్కి వెళ్లేసరికి గుంపులో ఒకావిడ దాన్ని ఎత్తుకుని తన మెడగుడ్డలో చుట్టి కూర్చుంది. ఏడుస్తోంది. మంచి మనిషి. చేతులు రెండూ నాన్న వైపు చాచి ఏదో అంది.

"దాన్ని తల్లి దగ్గరికి తీసుకెళ్దామా అంటోంది," అంది బిల్లా.

"ఏ తల్లి దగ్గరికి?" అన్నాడు నాన్న. పిల్లని తీసుకుని కోటు లోపల పెట్టుకున్నాడు. ఆవిడతో "థాంక్స్" అన్నాడు. కిందికి వస్తుంటే నాతో అన్నాడు, "చేతుల వాసన పట్టేసింది. తల్లొచ్చినా దగ్గరికి రానివ్వదిక."

ఆ పిల్ల మా వంటింట్లో పొయ్యి పక్కన ఒక పూట బతికింది. ఆ వారంలో వాలు మీద ఇంకా కొన్ని దొరికాయి, వాటికి కళ్లు లేవు. కాకులు ముందు కళ్లే తింటాయి.

అప్పుడు నాన్న, పుట్టి బుద్ధెరిగి ఎవరూ చెయ్యని పని చేశాడు. ఈనబోయే మందని కిందికి దించి, ఊరి గోడ లోపల, ఇంటి చేలల్లో పెట్టాడు. మీరైతే ఇందులో తప్పేముందంటారు. తెలివైన పనే అంటారు. మాకూ అలాగే అనిపించింది.

గున్వోర్ ముసలమ్మ గోడ మీద మోచేతులు ఆనించి చూసింది. మా చేను పక్కన ఆవిడ గడ్డి చేను. "హైనీ, ఈ గోడ గొర్రెలు లోపలికి రాకుండా కట్టింది. నువ్వు లోపల పెట్టి తలుపేస్తున్నావు. మతి పోయిందా?"

"గుంపులు పోయేదాకా గున్వోర్. పోగానే తోలేస్తాను."

"ఎప్పుడు పోతాయవి?"

నాన్న బిల్లా వైపు చూశాడు. బిల్లా చేతిలో కాఫీ కప్పు వైపు చూసుకుంది. "మే దాటితే తగ్గుతాయన్నారు," అంది.

"అన్నారా!" అంది గున్వోర్. "నా మొగుడు కూడా ఒక్క ట్రిప్పు చేపలకెళ్లి మానేస్తానన్నాడు. సముద్రంలోనే పోయాడు."

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మే నెల మా ఇంట్లో పండగ. ఒక్క పిల్ల చావలేదు. కవలలు కూడా నిలిచాయి. బంగాళాదుంప గట్ల మీద గెంతాయి, మాంసం ఆరేసే చెక్క కొట్టు నీడలో ముద్దలుగా పడి నిద్రపోయాయి, గున్వోర్ గేటు కర్రకి ఒళ్లు రుద్దుకుని రుద్దుకుని దాన్ని నున్నగా చేశాయి. నాన్న గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతూ అన్నాడు, "ఇంత హాయిగా ఎప్పుడైనా గడిచిందా మార్యున్? చలిలో కొండెక్కే పని లేదు, కాకుల్ని తోలే పని లేదు." నేను నవ్వాను. అమ్మ పోయాక ఆయన అన్ని మాటలు ఒకేసారి అనడం అదే మొదలు.

మే దాటింది. గుంపులు తగ్గలేదు. జూన్‌లో రోజుకొకటి వచ్చింది. మా చేలు ఖాళీ చేసిన మంద గున్వోర్ గడ్డి చేలోకి దిగింది. గడ్డి ఎదిగే కాలానికి గొర్రెలు గోడ బయటుండాలి, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, అది మన పాత చట్టం, మీకూ తెలుసు. గున్వోర్ కేకలేస్తే బాగుండేది. ఆవిడ వచ్చి మా బల్ల దగ్గర కూర్చుని, "నాకిక గడ్డి లేదు హైనీ," అంది మెల్లగా. "చలికాలం నా ఆవుకి ఏం వెయ్యను?"

మర్నాడే మందని పైకి తోలాం. ముందు సోత్ నడిచింది, మసిలాంటి నల్లటి ముసలి గొర్రె, నాన్న మందకి పెద్ద. ఎవరూ దారి చూపక్కర్లేకుండా రెండు వాగుల నడుమ వాలు మీదికి నేరుగా వెళ్లి, తన అంచు మీద నిలబడి మేత మొదలుపెట్టింది. తక్కిన తల్లులూ వెళ్లాయి. పిల్లలు వెనక వెనకే వెళ్లి, చుట్టూ చూసి, అరవడం మొదలుపెట్టాయి. మేం కిందికి దిగేసరికి మాకన్నా ముందు ఊరి గేటు దగ్గర ఉన్నాయి. వాటి వెనక పాలు కారుతున్న పొదుగులతో తల్లులు.

మళ్లీ తోలాం. మళ్లీ వచ్చాయి. పిల్లలకి తెలిసిన కొండ బంగాళాదుంప గట్టు. వాటికి నెలవు గున్వోర్ గేటు కర్ర. ఎక్కించిన ప్రతిసారీ పైనించి మనుషుల వరస ఒకటి దిగేది, కింద పిల్లల అరుపు లాగేది. తల్లి ఎటు పోతుంది? వేసవంతా అదే పని. నాన్న తోలతాడు, అవి వస్తాయి. పైన ఖాళీ అయిన వాలు మీదికి రస్మూస్ గొర్రెలు వాగు దాటి వచ్చి మేశాయి. రస్మూస్ వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు, "నేను తోలలేదు హైనీ, వాటంతటవే వచ్చాయి," అని. నాన్న, "గడ్డి ఉంటే రావూ? నీ తప్పేముంది, కూర్చో," అన్నాడు.

నేను ఊరుకోలేదు. కంపెనీ మేనేజరు గుంపుని దించడానికి రేవుకి వచ్చినప్పుడు పట్టుకున్నాను. సముద్రం అవతలి దేశంవాడు. మర్యాదస్తుడు. అతన్ని తిట్టడానికి నాకో మాట దొరికితే ఎంత బాగుండేదో!

"మీ సంప్రదాయాల మీద మాకు చాలా గౌరవమండీ," అన్నాడు.

"గౌరవం మీ దగ్గరే ఉంచుకోండి. ఈనే కాలంలో దారి మూయండి చాలు."

"వాటాదార్ల అనుమతితోనే నడుస్తున్నాం. వాళ్లు మూయమంటే రేపే మూసేస్తాం. ఒట్టు."

పోల్‌కి ఫోన్ చేశాను. వెనక పళ్లు తొలిచే మిషన్ చప్పుడు. "అయ్యో, మాకేం అభ్యంతరం మార్యున్! కంపెనీ మానుకుంటానంటే మేం వద్దంటామా? వాళ్లతో మాట్లాడు." పురపాలక కార్యాలయానికి వెళ్తే, అది సొంతదార్ల కొండ, మా చేతిలో లేదన్నారు. ఒకరి తలుపు తడితే ఇంకొకరి తలుపు చూపించారు. మూడు తలుపుల మధ్య తిరిగి తిరిగి ఆగస్టు అయిపోయింది. ఫ్యాక్టరీలో యజమాని అడ్డం తిరిగితే కత్తులు కింద పెట్టి బయటికి నడుస్తాం. ఇక్కడ ఏం కింద పెట్టాలి? ఎవరి ముందు?

ఆ కోపం ఇంట్లో పడింది. చేపా దుంపలూ వడ్డిస్తూ బిల్లాతో అన్నాను, "ఆ కంపెనీ కోటు విప్పెయ్. రేపట్నుంచి వెళ్లొద్దు."

"వెళ్లకపోతే? నీ ఫ్యాక్టరీలో చోటిప్పిస్తావా? ఉన్నవాళ్లనే ఇంటికి పంపుతున్నారు కదా, నువ్వే రోజూ వచ్చి చెప్తావు."

"ఏదో ఒకటి చూసుకోవచ్చు."

"ఏదో ఒకటంటే రాజధాని. అక్కడ పోల్ దవాఖానాలో నేల తుడవనా? నీకు నచ్చుతుందా అది?"

"నోరు ముయ్యవే."

"నువ్వే ముయ్యి. నేనీ ఊళ్లో ఉండాలని నడుస్తున్నాను. నీకు అర్థమయ్యేదాకా చెప్పలేను."

నాన్న ముల్లు పక్కకి తీసి పెట్టాడు. "దాన్నెందుకంటావ్ మార్యున్? ఇది నడవకపోతే ఇంకొకడు నడుస్తాడు. ఇదైతే గొర్రె కనిపిస్తే ఆగుతుంది." దుంపల గిన్నె చెల్లెలి వైపు జరిపి, "తిను బిల్లా, చల్లారిపోతోంది," అన్నాడు.

అక్టోబరులో తోలుడు. ఊరంతా కొండెక్కింది. ఈసారి మా మంద కోసం ఎక్కాల్సిన పని లేదు, అది గేటు దగ్గరే ఉంది. కుర్రాళ్లు జోకులేశారు, "హైనీ మంద సైకిల్ మీదొచ్చింది రా!" అని. నాన్న వాళ్లతో పాటు నవ్వాడు. దొడ్డిలో రస్మూస్ గొర్రెల్నీ మావాటినీ చెవి గుర్తుల్ని బట్టి విడదీశాం, ఉన్ని చూశాం, కొయ్యాల్సినవాటిని పక్కన పెట్టాం. ఏటా చేసేదే. ఇక మిగిలినవాటిని, చలికాలం బయట గడపాల్సినవాటిని, ఎవరి నెలవులో వాళ్లు వదిలి రావాలి.

మేం ముగ్గురమే తీసుకెళ్లాం. బిల్లాకి ఆరోజు గుంపు లేదు, పాత ఉన్ని స్వెట్టరు వేసుకుంది. ఆకాశం తేటగా ఉంది. రెండు వాగుల నడుమ వాలు మీద మందని వదిలి, నాన్న కుక్కని కాళ్ల దగ్గర పడుకోబెట్టాడు. ఏటా ఇక్కడ ఒక క్షణం ఉంటుంది. గొర్రెలు విడిపోయి, ఎవరి బండ దగ్గరికి అవి, పనినుంచి ఇంటికెళ్లే జనంలా వెళ్లిపోతాయి. ఆ క్షణం కోసమే నాన్న ఇన్నేళ్లూ కొండెక్కాడనుకుంటాను.

సోత్ తన అంచు మీదికి వెళ్లింది. తిరిగి చూసి పిలిచింది. ఈ ఏటి పిల్లలు, ఇప్పటికి పెద్దవే అయ్యాయి, మా కాళ్ల మధ్య నుంచి, మాకు తగులుతూ, కిందికి నడిచాయి. పరుగు లేదు, భయం లేదు. తల్లులు కొన్ని నిలబడ్డాయి, కొన్ని వెనకే కదిలాయి, తర్వాత నిలబడ్డవీ కదిలాయి. సోత్ ఇంకా రెండుసార్లు పిలిచింది. ఆ తర్వాత అదీ అంచు దిగి, మమ్మల్ని దాటుకుని, కిందికి వెళ్లిపోయింది.

కుక్క తలెత్తి నాన్న నోటివైపు చూసింది, ఈల కోసం. నాన్న ఈల వెయ్యలేదు.

"పదండి," అన్నాడు. "గాలి మారుతోంది."

కొండ తెలియని మందని చలికాలం కొండ మీద వదలడమంటే లోయలోకి తోసెయ్యడమే. పిల్లల్ని మాత్రం కోసి తల్లుల్ని వదిలినా అవి గేటు దగ్గరికే దిగొస్తాయి, సోత్ కూడా దిగింది కదా. గోడ లోపల పెట్టడానికి గడ్డి లేదు, గున్వోర్ గడ్డి కూడా మేమే తినిపించేశాం. కొనుక్కొచ్చిన గొర్రెల్ని ఆ వాలు మీద వదిలితే తొలి మంచుకే లోయలో తేలతాయి. రస్మూస్ అడిగి చూశాడు, "సోత్‌ని నా మందలో కలపనా?" అని. నాన్న తలూపాడు, కాదని. "ఒక్కదాన్నే ఎక్కడికి పంపను?"

అన్నిటినీ కోశాం. నాన్న చేతులతోనే. సోత్‌ని ఆఖర్న.

మా మాంసం కొట్టు ఎన్నడూ అంత నిండలేదు. కొక్కేలు చాలక గున్వోర్ దగ్గర అడిగి తెచ్చాం. చెక్కల సందుల్లోంచి గాలి పోవడానికి చోటు లేనంతగా వేలాడాయి. దారిన పోయేవాళ్లు వాసన పీల్చి, "అదృష్టం హైనీది, ఈ ఏడు మాంసమే మాంసం," అన్నారు. తెలియక అన్నవాళ్లున్నారు, తెలిసి, ఇంకేం అనాలో తోచక అన్నవాళ్లూ ఉన్నారు.

నవంబరులో మేనేజరు మళ్లీ వచ్చాడు. బూట్లు గుమ్మంలో విప్పి లోపలికొచ్చాడు. వచ్చే సీజన్‌కి గుంపుల వెంట అసలైన కాపరి ఒకరు నడిస్తే బాగుంటుందట. కుక్కతో. ఉన్ని స్వెట్టరుతో.

నాన్నని నేనెప్పుడూ ఒకరి మీద చెయ్యి చేసుకోగా చూడలేదు. ఆరోజు చేసుకుంటాడేమోనని లేచి నిలబడ్డాను.

"ఏ నెల నుంచి?" అని అడిగాడు నాన్న.

"ఏప్రిల్ నుంచండీ."

"సరే."

అతను వెళ్లాక నేను అరిచాను. ఏమన్నానో గుర్తు లేదు. బిల్లా గోడ వైపు తిరిగి ఏడ్చింది. నాన్న కిటికీలోంచి కొండ వైపు చూస్తూ అన్నాడు, "ఊరికే కొండెక్కితే జనం ఏమంటారు మార్యున్? గొర్రెల్లేనివాడు దేనికెక్కుతున్నాడంటారు. ఎక్కడానికి నాకేదో ఒకటుండాలి కదా."

ఇంతే జరిగింది. మా ఇంట్లో ఎవరూ చావలేదు. ఎవరి మీదా కేసు పెట్టడానికి లేదు. రేపు ఏప్రిల్‌లో మా నాన్న ఆ వరసకి ముందు నిలబడి నడుస్తాడు, రెండు వాగుల నడుమ వాలు దగ్గర ఆగి, ఇక్కడ నా మంద మేసేదని వాళ్లకి చెబుతాడు, బిల్లా దాన్ని వాళ్ల భాషలోకి మార్చి చెబుతుంది. ఆ వరస వాగు దాటుతుంది. వాగు అవతల రస్మూస్ గొర్రెలు ఈనుతూ ఉంటాయి.

ఆ మందని ఇంకా కాపాడొచ్చు. మా దానికి ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు, మీ క్షమాపణ కూడా నాకొద్దు. పోల్, నీకూ నీతో చెయ్యెత్తిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: మార్చి సభకి మళ్లీ వస్తారు కదా. ఏప్రిల్ నుంచి జూన్ చివరిదాకా ఆ దారి మూసేస్తున్నామని ఆరోజే తీర్మానించండి. కంపెనీని అడగొద్దు, దాని ఒట్టు నా దగ్గరుంది, మీరు మూయమంటే మూస్తుంది. అలాగే ఈనే కాలంలో కొండ మీద ఏం జరగాలన్నది వాటాలకి వదలకండి. చలికాలం ఆ కొండ మీద ఎవరి మంద బతుకుతుందో వాళ్లే చెయ్యెత్తాలి. మీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి.

సంఘం మనుషులం ఆరోజు బడి గుమ్మంలో ఉంటాం. తీర్మానం అయ్యేదాకా ఒక్క కారూ సొరంగం వైపు కదలదు.